అచ్చులో ఇరుక్కున్నది

నవంబరులో ఒక మంగళవారం
మా నాన్న నోట్లో భాష చిల్లరైపోయింది.

కుర్చీ అనలేడు. నీళ్ళు అనలేడు.
లినెట్ అనే నా పేరు పెదవి దాకా వచ్చి
తూకం తక్కువైన కాసులా వెనక్కి పోతుంది.
టీ కప్పు చూపిస్తే మాత్రం, స్పష్టంగా,
ఆదివారం చాపెల్లో వాక్యం చదివినట్టు,
"గ్రోట్" అంటాడు.

గ్రోట్ నాలుగు పెన్నీల వెండి.
పుట్టినప్పుడు ఆ పేరుకి 'పెద్దది' అని అర్థం.
పోను పోను దేన్నీ కొనలేనిదై
చివరికి తిట్టుగా బతికింది.
గ్రోట్‌కి కొరగాడు వెధవ, అని
మా నానమ్మ పాలవాణ్ణి తిట్టేది.

వార్డులో నవ్వారు. నాకు నవ్వు రాలేదు.
నలభై ఒక్క ఏళ్ళు జాబెజ్ హాడెన్
బర్మింగ్‌హామ్ టంకశాలలో ప్రెస్ ముందు నిలబడి
తను ఎన్నడూ చూడని దేశాలకు చిల్లర కొట్టాడు.
ఇంటికి తెచ్చుకున్నది చెవుల్లో హోరు,
జేబులో రాగి వాసన,
మధ్యాహ్నం రొట్టె తింటూ ముసలి పనివాళ్ళు
ఒకరికొకరు చేబదులిచ్చుకున్న పాత మాటలు.
ఇప్పుడు అవే చెల్లుతున్నాయి ఆయన దగ్గర.

మందు తెచ్చిన నర్సు 'ఏంజెల్'.
ఆవిడ మురిసిపోయింది.
అది దేవదూత బొమ్మ ఉన్న బంగారమనీ,
రోగి మెడలో కట్టడానికి దానికి చిల్లు పొడిచేవారనీ
నేను చెప్పలేదు.
వార్డు పెద్ద డాక్టరు 'టెస్టూన్'.
రాజుగారి తల ఉన్న నాణెం.
వెండిలో రాగి ఎక్కువై, నాలుగు చేతులు మారేసరికి
ఆ రాజుగారి ముక్కు ఎర్రగా బయటపడేదట.
డాక్టరు ముక్కు నేనూ చూశాను.

డండీ నుంచి వచ్చిన మొరాగ్ మాటలు నేర్పేది.
అచ్చులతో మొదలు పెడదాం హాడెన్ గారూ, అనేది,
అ, ఆ, ఈ.
ఆయనకు తెలిసిన అచ్చు ఉక్కుది.
కుక్క బొమ్మ చూపితే గ్రోట్.
మొరాగ్ కాగితం మీద ఇంటూ గుర్తు.
ఇల్లు: గ్రోట్. ఇంటూ. చెంచా: గ్రోట్. ఇంటూ.

ఒక సాయంత్రం బస్సుకని పర్సు దులుపుకుంటూ
"నా దగ్గర ఒక్క బాబీ లేదు" అంది మొరాగ్, వాళ్ళ స్కాట్లండు మాటలో.
నాన్న తల ఎత్తాడు.
సగం మొహంతోనే, పకపకా నవ్వాడు.
"బాబీ" అన్నాడు. కొరికి చూసినట్టు, మళ్ళీ, "బాబీ."
ఆ రోజు నుంచి ఆమె ఇంటూలు పెట్టడం మానేసింది.

మర్నాడు నేను పొగాకు డబ్బా తీసుకెళ్ళాను.
అందులో టంకశాల పారేసిన నాణెం ఒకటి.
ఒకవైపు రాణి మొహం. రెండోవైపు బొరుసు లేదు,
అదే మొహం, లోపలికి గుంటపడి, అద్దంలోలా తిరగబడి.
నాకు ఏడేళ్ళప్పుడు విప్పి చెప్పాడు:
ముందు కొట్టింది అచ్చులోంచి రాలదు, లినెట్.
తర్వాతి బిళ్ళ వస్తుంది. పాపం, దానికేం తెలుసు.
దెబ్బ పడుతుంది.
ముందుదాని మొహమే దీని వీపు మీద.

బొటనవేలితో ఆ గుంట తడిమాడు చాలాసేపు.
"బ్రాకేజ్" అన్నాడు.
ఆ వేలే ఎత్తి తన నుదురు తాకాడు.

మేమిద్దరం ఏం మాట్లాడలేదు. హీటర్ టిక్కుటిక్కుమంటోంది.
తర్వాత నా వైపు తిరిగి
"ఫార్దింగ్" అన్నాడు.

పూర్వం పెన్నీని కత్తిరతో నాలుగు చేస్తే
ఒక ముక్క ఫార్దింగ్. నాలుగో పాలు.
మేం నలుగురం. నేను ఆఖరిదాన్ని.

అయితే ఆయన చిన్నతనంలో ఫార్దింగ్ మీద
తోక పైకెత్తిన బుల్లిపిట్ట ఉండేది.
నా వెనక కిటికీ. బయట ఏదో కదిలింది.
నేను తిరిగి చూడలేదు.